ఎద్దుకొండ మీద ఉప్పు

ఎద్దుకొండలో డైనోసార్ ఎముకలు లేవని చెప్పడంతోనే ఆ వేసవిలో నా ఆదివారాలు మొదలయ్యేవి. టెక్కలి నుంచీ పలాస నుంచీ పిల్లల్ని మోటారు సైకిళ్ల మీద ఎక్కించుకుని తల్లిదండ్రులు వచ్చేవారు. బండికి స్టాండు వెయ్యకముందే ఎవడో ఒక బుడతడు "మేడం, డైనోసార్ ఎక్కడ?" అనేవాడు. లేదని చెప్తే, నేనే దాన్ని ఇంట్లో దాచుకుని వచ్చినట్టు చూసేవాడు. ఈ కొండ రాయి భూమి లోపల ఉడికి ఉడికి పైకొచ్చిందనీ, అంత వేడిలో ఎముక కాదు కదా, దాని గుర్తు కూడా మిగలదనీ చెప్పేదాన్ని. అయినా వాళ్ల మొహాలు చూస్తే జాలేసేది. భావనపాడు ఒడ్డున ఏరుకొచ్చిన గుల్లల సంచి విప్పేదాన్ని. తడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో గుల్లని నొక్కి తీస్తే గీతలతో సహా అచ్చు పడుతుంది. శిలాజమంటే ఇదే, మనం ఇక్కడ కూర్చుని చేసింది భూమి తీరిగ్గా చేస్తుంది అని చెప్తే పిల్లలకన్నా వాళ్ల అమ్మలే ఎక్కువ సంబరపడేవారు. ఒకావిడ తన మంగళసూత్రం అచ్చు కూడా తీసుకుంది.

తర్వాత నడక. కొండ కింద పారే గెడ్డ ఇసకలో ఎర్రటి గార్నెట్ గింజలు ఏరించేదాన్ని. ఎర్రచారల రాయికి ఖొండలైట్ అన్న పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేదాన్ని. పక్కన ఒడిశా కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే అది, ప్రపంచమంతా పుస్తకాల్లో ఉంది అంటే అందరూ ఒకసారి ఆ కొండల వైపు తిరిగి చూసేవారు. చివరికి ఊట దగ్గర ఆగి దోసిళ్లతో నీళ్లు తాగేవాళ్లం. తూర్పు వాలులో రాతి సందులోంచి ఎండాకాలం కూడా సన్నగా కారే ఆ నీళ్లే ఊటవలస అంతా తాగేది. అది నా పుట్టిల్లు. నేనూ ఆ నీళ్లే తాగి పెరిగాను.

అయితే ఈ నడకలు నావి కావు, గ్రానైట్ కంపెనీవి. ఎద్దుకొండ పడమటి భుజంలో నీలి రాయి ఉంది. దాన్ని తవ్వడానికి లీజు కావాలి. లీజుకి ముందు ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగాలి. దానికీ ముందు ఊరి నోట నాలుగు మంచి మాటలు పుట్టాలి. అందుకని మేనేజర్ శాంతికుమార్ గారు జియాలజీ చదివి ఖాళీగా ఉన్న నన్ను పిలిచి ఈ పని అప్పగించారు. "రాయిని ఇష్టపడేవాళ్లు క్వారీని కోపగించుకోరమ్మా" అన్నారు. చెడ్డవాడు కాదు. పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్లు తన కారులోనే తెచ్చేవారు, ఎవరైనా జారిపడితే తనే చెయ్యందించేవారు.

మా ఆయన ధర్మేంద్ర అదే కంపెనీ పాత క్వారీలో మేస్త్రి. నాకు మేనబావ. మా అమ్మ జగ్గమ్మకి సొంత అన్న కొడుకు. మేం ఉండేది కంపెనీ క్వార్టర్లో. మా తమ్ముడు దేవేంద్ర, కొత్త క్వారీ వస్తే లోడరు ఎక్కుతానని అప్పుడే కంపెనీ టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు. ఊటవలస కుర్రాళ్లలో సగం మందిది అదే ఆశ. నేను ఎటు తిరిగినా కంపెనీ గోడే. అప్పటికింకా నాకది గోడలా అనిపించలేదు. ఎండలో దాని నీడన హాయిగా చేరగిలబడ్డాను.

ఊటకీ క్వారీకీ సంబంధం లేదని హైదరాబాదు నుంచి వచ్చిన నిపుణుడు రిపోర్టు రాశాడు. ఊట నీళ్లు తూర్పు వాలు మట్టిలో ఇంకినవే, క్వారీ వచ్చేది పడమటి భుజం మీద, కాబట్టి భయం లేదు. ఊట దగ్గర నిలబడి ఆ మాటే నేనూ చెప్పేదాన్ని. నమ్మే చెప్పేదాన్ని.

మా ఊళ్లో ఒక మొక్కు ఉంది. పడమటి భుజం మీద రాతిలో నిలువునా ఒక పగులు ఉంటుంది, దాన్ని అమ్మనోరు అంటారు. నౌపడ ఉప్పుమళ్లలో కూలికి వెళ్లే మా ఊరి ఆడవాళ్లు వేసవిలో మొదటి ఉప్పు ఒక బుట్టెడు తెచ్చి అమ్మనోట్లో పోసి, దాని మీద ముర్రాటలు, అంటే పసుపునీళ్ల కుండలు, ఒంపుతారు. మర్నాడు ఊరి పెద్దావిడ ఊట నీళ్లు నోట్లో పోసుకుని "అమ్మ ఉప్పు తిన్నాది" అనాలి. అంటే ఆ ఏడు వానలకి లోటు లేదని లెక్క. నా చిన్నప్పుడు ఆ పెద్దావిడ గురమ్మ. అమ్మ ఉప్పు తినలేదని ఆవిడ ఏ ఏడూ చెప్పగా నేను వినలేదు. పండగపూట ఎవరు కాదంటారులే అనుకునేదాన్ని.

ఒక ఆదివారం ఈ కథ చెప్తే, పలాస నుంచి వచ్చిన ఒక పాప "ఆ ఉప్పు నిజంగా ఊట దాకా వస్తుందా మేడం?" అని అడిగింది. నా సంచిలో టీడీఎస్ మీటరు ఉంది, నీళ్లలో ఉప్పు పెరిగితే దాని అంకె పెరుగుతుంది. పిల్లలకి మంచి ఆట అనిపించింది. తర్వాతి ఆదివారం పొద్దున్నే అందరం ఒక బుట్టెడు ఉప్పుతో పైకెక్కి, అమ్మనోట్లో పోసి, తలా ఒక సీసా నీళ్లు ఒంపి దిగాం. పులిహోర పొట్లాలు విప్పుకుని ఊట దగ్గర కూర్చున్నాం. చాలాసేపు అంకె కదల్లేదు. పెద్దవాళ్లు కునుకు తీస్తున్నారు, నేను సంచి సర్దుకుంటున్నాను. అప్పుడు ఆ పాప అరిచింది.

"మేడం, ఎక్కుతోంది!"

ఎక్కుతూనే ఉంది. పిల్లలు అంకెలు పాటలా పాడుతున్నారు, తండ్రులు ఫోన్లు తీశారు, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూనే తలెత్తి పడమటి భుజం వైపు చూశాను. పడమట పోసింది తూర్పున వచ్చింది. అదీ ఒక్క పూటలో. అంటే కొండ లోపల ఆ పగులు ఈ వాలు దాకా తెరుచుకునే ఉంది. క్వారీ మొదలైతే ముందుగా కోసేది దాన్నే. ఆ తర్వాత నీళ్లు ఊరికి రావు, క్వారీ గుంటలోకి పోతాయి. రిపోర్టు తప్పు.

చెట్టు నీడన నిలబడి శాంతికుమార్ గారు ఇదంతా చూశారు. అందరూ వెళ్లాక దగ్గరికి వచ్చారు.

"బాగుంది, పిల్లలకి మంచి కాలక్షేపం. కానీ అది బొమ్మ మీటరమ్మా."

"మంచి మీటరు తెప్పించి మళ్లీ చేద్దాం సార్."

"తప్పకుండా చేద్దాం. సభ అయిపోనీ" అన్నారు, చాలా మర్యాదగా. "ఇక నుంచి పైకి వద్దు. ఎండలు ముదిరాయి కదా, కింద ఇసకలో గింజలు ఏరుకుంటే చాలు."

ఆ సాయంత్రం ధర్మేంద్రకి అంతా చెప్పాను. కాళ్లు కడుక్కుంటూనే విన్నాడు.

"సభలో నువ్వు ఏటీ మాటాడకు" అన్నాడు చెంబు దించి.

"రిపోర్టు తప్పని తెలిసీనా బావా?"

"అబద్ధం సెప్పమన్నానేటి? నోరు మూసుకోమన్నాను. రెండూ ఒకటేనేటి?"

"ఊరికి నీళ్లు పోతాయి. చిన్నప్పుడు నువ్వు సెలవులకొచ్చి తాగిన నీళ్లే కదా అవి."

"నాను తాగిన నీళ్ల సంగతి నాకు ఎరికే. నువ్వు నీ గుల్లలూ గింజలూ సూసుకో."

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయినప్పటి నుంచీ నేను మా బావని అంతగా అసహ్యించుకున్నది ఆ రోజే. అన్నం పెట్టి లేచిపోయాను. అప్పటి నుంచి క్వార్టర్లో మా ఇద్దరి మధ్యా పళ్లేల చప్పుడే మిగిలింది. ఆదివారం వస్తే మాత్రం నవ్వుమొహం పెట్టుకుని ఇసకలో కూర్చోవలసిందే. ఒక తండ్రి పైకి వేలు చూపించి "అక్కడికి తీసుకెళ్లరా ఈసారి?" అని అడిగితే, ఎండండీ అన్నాను. నా గొంతు నాకే శాంతికుమార్ గారి గొంతులా వినిపించింది.

సభ దగ్గరపడింది. శాంతికుమార్ గారికి ఒక ఆలోచన వచ్చింది. వేదిక మీద మినరల్ వాటర్ సీసాలు వద్దు, ఊట నీళ్లే ఇద్దాం, అధికారుల ముందు మనమే తాగుదాం, ఆ ఊటని మనం ఎంత గౌరవిస్తున్నామో తెలుస్తుంది అన్నారు. "మీ అమ్మగారి చేత తెప్పిస్తే ఇంకా బాగుంటుంది. ఊరి మనిషి, పైగా మన అమ్మాయి తల్లి."

ఆ కబురు మోసుకుని ఊటవలస వెళ్లాను. అమ్మ వాకిట్లో జీడిపిక్కలు కొడుతోంది. జీడి అంటి వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఆమె పక్కన కూర్చుని మీటరు సంగతీ, రిపోర్టు సంగతీ, బావ అన్న మాటా, అన్నీ చెప్పేశాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. అమ్మ సుత్తి ఆపలేదు.

"మెల్లిగా మాటాడు, తమ్ముడు ఇంటాడు" అంది.

"విననీ. రేపు వాడికీ నీళ్లుండవు."

"ఒలే గుంటా, సెప్పింది ఇను. ఆ రోజు నువ్వు నోరిప్పకు. మొగుడి కొంపా, తమ్ముడి కూడూ నీ నాలిక మీదున్నాయి. నువ్వు సదూకున్నావని ఊరికి నువ్వొక్కత్తివే దిక్కనుకుంటన్నావేటి?"

"నువ్వూ అదే మాటా అమ్మా?"

"నానూ అదే మాట. నీళ్లు తెమ్మన్నాడు కదా ఆ బాబు, తెత్తానని సెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. కనీసం పక్కకి తప్పుకునే దారైనా ఉంటుందేమో దాంట్లో. నాకు పుట్టింటి వైపు కూడా మూసేశారు. తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అసలు ఈ చదువు నేనెందుకు చదివానా అని తిట్టుకున్నాను.

సభకి ముందురోజు ధర్మేంద్ర పొద్దుగుంకే వేళకి ఇంటికొచ్చాడు. చొక్కా భుజాల మీద తెల్లగా చారలు కట్టి ఉంది. క్వారీ మనిషి తెల్లగా రావడం వింతేమీ కాదు, రాతిపొడి. చొక్కా విప్పి బకెట్లో పడేసి పడుకున్నాడు. ఉతకబోతే ఎంత రుద్దినా సబ్బు నురగ రాలేదు. ట్యాంకరు నీళ్లని, ఆ నీళ్లు పంపే కంపెనీని, ఆ కంపెనీలో పనిచేసే మొగుణ్ణీ కలిపి తిట్టుకుంటూ జాడించి ఆరేశాను.

సభ ఊటవలస బడి ఆవరణలో జరిగింది. షామియానా, వేదిక మీద జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు, పక్కన శాంతికుమార్ గారు. ఒక పక్క ఊరివాళ్లు, ఇంకో పక్క మా కంపెనీ వాళ్లం. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. ధర్మేంద్ర నాకు రెండు వరసల వెనక ఉన్నాడు. అమ్మ ఇత్తడి బిందె చంకనెత్తుకుని వచ్చింది. పండక్కి కట్టే నేతచీర కట్టుకుంది. వేదిక మీద వాళ్లకీ, కంపెనీ వరసల్లో వాళ్లకీ గ్లాసుల్లో నీళ్లు పోసింది. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది, నా మొహం చూడకుండానే.

శాంతికుమార్ గారు మైకు ముందు నిలబడ్డారు. "ఈ ఊటే ఈ ఊరికి ప్రాణం. మా వల్ల దీనికి ఏ హానీ రాదు. ఆ నమ్మకంతోనే ఈ రోజు మీ అందరి ముందూ ఈ నీళ్లు తాగుతున్నాను" అని గ్లాసెత్తి గుక్కెడు మింగారు. మింగి ఆగిపోయారు. ఆఫీసరు కూడా గ్లాసు పెదాలకి తగిలించి, దాన్ని వెలుతుర్లోకి ఎత్తి చూశారు.

"ఇదేమిటి, ఉప్పగా ఉన్నాయి?"

అమ్మ బిందె కిందకి దించింది. "అమ్మకి మొక్కు బాబూ. నిన్న కొండ మీద అమ్మనోట్లో ఉప్పు పోసినాం. ఏటా పోత్తాం. ఈ ఏడు అమ్మ కాస్త గట్టిగానే తిన్నాది."

ఊరివాళ్లలో నవ్వులు లేచాయి. నాకు నవ్వు రాలేదు. గ్లాసులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. గుప్పెడో బుట్టెడో ఉప్పు కాదు ఇది.

"బిందెలో కలిపేసి ఉంటారు సార్" అన్నారు శాంతికుమార్ గారు. గ్లాసు పక్కకి నెట్టేశారు.

ఆఫీసరు తన మనిషికి సీసా ఇచ్చి ఊటకి పంపారు. అతను వెళ్లి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. అతను వచ్చి, సీసా బల్ల మీద పెట్టి, ఉప్పేనన్నట్టు తలూపాడు. ఆ రోజు ఊళ్లో ఒక్కరూ ఊటకి కుండ పెట్టలేదనీ, ఆడవాళ్లందరూ ముందురోజు పొద్దున్నే రెండు రోజులకి సరిపడా నింపుకున్నారనీ నాకు తర్వాత తెలిసింది.

"పోసింది పడమటి వైపు. రిపోర్టులో సంబంధం లేదని ఉందే?" అని ఆఫీసరు కాగితాలు తిప్పి, కంపెనీ వరసల వైపు చూశారు. "ఇక్కడ ఆదివారం నడకలు చేయించే జియాలజిస్టు మీరే కదమ్మా? దీనికి మీరేమంటారు?"

ఎవరో మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. అమ్మ వైపు చూశాను. ఆమె బిందె మూతి చెంగుతో తుడుస్తోంది. తమ్ముడు టోపీ తీసి చేతిలో పట్టుకుని నన్నే చూస్తున్నాడు. వెనక్కి తిరిగి ధర్మేంద్రని చూశాను. చుట్టుపక్కల వాళ్లంతా ఒక్క గుక్కకే గ్లాసులు కింద పెట్టేశారు. అతను ఒక్కడూ ఆ ఉప్పునీళ్లు కడదాకా తాగాడు. మొహం కూడా చిట్లించలేదు. ఖాళీ గ్లాసు కుర్చీ కింద బోర్లించి, తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని.

"కొండ మీద పోసింది కిందికి వస్తుందండి" అన్నాను. "అక్కడ తవ్వితే ఇక్కడికి రాదు."

అంతే. మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

లీజు మరింత పరిశీలనకి వెళ్లింది. అంటే రాలేదని కాదు, వస్తుందనీ కాదు. నడకలు ఆపేశారు. శాంతికుమార్ గారు తనే ఇంటికి వచ్చి, ఇక నా అవసరం లేదని చెప్పి, "పిల్లలే పాపం" అన్నారు. ధర్మేంద్రని మేస్త్రి పని నుంచి తీసి మళ్లీ కంప్రెషర్ డ్రిల్లుతో రాయి తొలిచే కూలిపనిలో పెట్టారు. మేస్త్రికే క్వార్టరు కాబట్టి అది కూడా ఖాళీ చేశాం. టెక్కలిలో ఒక గదిలోకి మారాం. వేరే పని దొరక్క అతను రోజూ బస్సెక్కి అదే క్వారీకి వెళ్తున్నాడు, నిన్నటి దాకా తన కింద పనిచేసినవాడి కింద. తమ్ముడు నాతో మాటలు మానేశాడు. ఊళ్లో సగం మంది కొండ మీది అమ్మే కాపాడింది అంటున్నారు, సగం మంది జగ్గమ్మ కూతురు కుర్రాళ్ల నోటికాడి కూడు లాగేసింది అంటున్నారు. నిజం చెప్తే గుండె తేలికవుతుందంటారు. ఎవరికైందో నాకు తెలీదు. నాకైతే ఆ గదిలో ఊపిరాడేది కాదు.

తొలకరి పడిన రోజు ధర్మేంద్ర తడిసి వచ్చాడు. గడపలో కూర్చుని టీ తాగుతుంటే, నేను వసారాలో అతని చొక్కా ఉతుకుతున్నాను. బకెట్ నిండా నురగ పొంగింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అన్నాను.

"ఈ నీళ్లే నయం. ఆ క్వార్టర్లో సబ్బు నురగే వచ్చేది కాదు. సభ ముందురోజు నీ చొక్కాకి సబ్బుబిళ్ల అరిగిపోయింది."

ధర్మేంద్ర నవ్వాడు. అతను నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

"నీళ్లదేటి తప్పు? అది ఉప్పు."

"ఏటీ?"

"అన్ని బస్తాలు మీ అమ్మా ఆడోళ్లూ మోసీసినారనుకున్నావేటి? నౌపడ నుంచి ఆటోలో తెచ్చిందీ నానే, భుజానెట్టుకుని కొండెక్కినదీ నానే. ఆళ్లు ముర్రాటలు మోసినారు. అత్త ముందు బుట్టతో పోద్దామంది. బుట్టకి మీటరు ఎక్కుతాదేమో గాని, ఆఫీసరు నాలిక్కి తెల్దన్నాను."

సబ్బు నా చేతిలోంచి జారి బకెట్లో పడింది. జియాలజీ చదివిన దాన్ని, నా మొగుడి చొక్కా మీదున్నది రాతిపొడో ఉప్పో పోల్చుకోలేకపోయాను. ఆ మనిషినే అన్ని రోజులూ అసహ్యించుకున్నాను.

"మరి నన్నెందుకు నోరు మూసుకోమన్నావు బావా?"

"ఉప్పు సెప్పీసింది కదే. మళ్లీ నువ్వెందుకు సెప్పడం? ఒక్కరి పనైనా మిగుల్తాదని అత్తా నానూ అనుకున్నాం." టీ గ్లాసు కింద పెట్టాడు. "తలూపితే సూడనేదేటి?"

"చూశాను."

"మరి?"

"అడిగారు బావా."

"ఊఁ" అన్నాడు. వాన జల్లు వసారాలోకి కొడుతోంది. లేచి వచ్చి, బకెట్లో చెయ్యి పెట్టి వెతికి సబ్బు తీసి నా చేతికిచ్చాడు. నేను చొక్కా జాడించి, పిండి, లోపల గదిలో దండెం మీద ఫ్యాను కింద ఆరేశాను. పొద్దున్న మొదటి బస్సుకి ఆరాలి. డ్యూటీ చొక్కా అతనికి అదొక్కటే.